కత్తి మీద 1857 అని ఉంది, నమ్మవచ్చా?

హనుమకొండ నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. పేరు బయటపెట్టవద్దని కోరారు. వయసు నలభై ఆరు, ప్రభుత్వ ఉద్యోగం, భార్య, కాలేజీలో చదివే కొడుకు. దసరా నాడు తాతగారి ఇంట్లో ఆయుధపూజకు పాత కత్తులు అటక మీది నుంచి దించుతుంటే చూసిన నాటి నుంచి ఆయనకు ఆయుధాల మీద ఇష్టం. సంపాదన మొదలయ్యాక, కొన్నేళ్ల వ్యవధిలో, మూడు సైనిక ఖడ్గాలు కొన్నారు. మూడూ కరీంనగర్‌లో పాత సామాన్ల వ్యాపారం చేసే ఒకే వ్యక్తి దగ్గర కొన్నవే. ఆ వ్యక్తి ఈయన చిన్ననాటి స్నేహితుడికి స్వయానా అన్న. ఈయనా "అన్నా" అనే పిలుస్తారు. పెళ్లిళ్లకూ పండుగలకూ రాకపోకలు ఉన్నాయి.

మొదటిది వంపు తిరిగిన అశ్వికదళపు కత్తి. పిడికి ఒకే ఇనుప కమ్మీ, అలుగు (కత్తి రేకు) వెన్ను మీద, అంటే పదును లేని అంచు మీద, అరిగిపోయిన ఇంగ్లిషు అక్షరాలు, పిడి దగ్గర చిన్న కిరీటం, దాని కింద 4 అంకె. తనకు వైద్యం చేసే డాక్టరుగారు ముచ్చటపడితే "అసలుదే, నాదీ పూచీ" అని చెప్పి అరవై వేలకు దాన్ని ఆయనకు అమ్మారు. రెండోది పిడి మీద బంగారు పని, అలుగు మీద అలల్లాంటి చారలు ఉన్న తల్వార్. కాకతీయుల కాలం నాటిదనీ, కోనసముద్రం ఉక్కుతో చేసినదనీ చెబితే డెబ్బై వేలు ఇచ్చారు. దాని మీద ఉర్దూ లిపిలో ఏదో రాసి 1150 అనే అంకెలు ఉన్నాయట.

అసలు బాధ మూడోదాంతో వచ్చింది. నిటారు అలుగు, చిల్లుల నగిషీతో చేతిని కప్పే తెల్లటి ఉక్కు పిడి. అలుగు మీద కిరీటం, 'జీ ఆర్' అక్షరాలు, 'విల్కిన్సన్ సోర్డ్, లండన్' అన్న పేరు, 1857 అన్న సంవత్సరం. హైదరాబాదు సంస్థానపు అశ్వికదళ అధికారి కత్తి అనీ, పరకాల వైపు ఒక గడిలో ఉండేదనీ, 1948లో పోలీసు చర్య రోజుల్లో బావిలో పడేసి కొన్నాళ్లకు పైకి తీశారనీ అమ్మినాయన చెప్పారు. ధర లక్షా ఎనభై ఐదు వేలు. అందులో లక్షా ఇరవై వేలు భార్య నగలు కుదువ పెట్టి తెచ్చారు. కొడుకు ఫీజుకని ఆమెతో అన్నారు. కత్తి ఖరీదు ఇరవై వేలే అన్నారు.

గత నెల హైదరాబాదు నుంచి వచ్చిన ఒక సేకర్త (పాత ఆయుధాలు సేకరించే ఆయన) ఆ కత్తిని పట్టుకుని, రెండు క్షణాలు చూసి, "ఇది పాతది కాదు" అని పక్కన పెట్టేశారు. అన్నను అడిగితే, "వాళ్లకు దొరకలేదని అసూయ" అన్నారు. ఇప్పుడు ఇంకొకరు రెండు లక్షలిచ్చి కొంటామని ఫోను చేశారు. నోరు మూసుకుని అమ్మేయాలా, అన్నను నిలదీయాలా, డాక్టరుగారికి చెప్పాలా, ఇంట్లో ఏమని చెప్పాలి? ఇవీ ఆయన ప్రశ్నలు. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదని చివర రాశారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ బాధ అర్థమైంది. అయితే మీరు మూడు కత్తులనూ ఒకే అనుమానంలో ముంచేశారు. ఒకే మనిషి అమ్మాడు కాబట్టి మూడూ అసలువే అని నిన్నటిదాకా నమ్మారు, ఒకే మనిషి అమ్మాడు కాబట్టి మూడూ నకిలీవే అని ఇప్పుడు భయపడుతున్నారు. రెండుసార్లూ మీరు చూసింది మనిషిని, కత్తిని కాదు. కాసేపు అన్ననూ, గడినీ, బావినీ పక్కన పెట్టి ఒక్కొక్క ఇనుప ముక్క ఏం చెబుతోందో చూద్దాం. ఎవరికి ఎంత చెప్పాలి, ఎవరిని ఏం అడగాలి అన్నది దాన్నిబట్టే తేలుతుంది.

మూడోదాంతో మొదలుపెడతాను. ఫోటో చూసి కత్తి మీద తీర్పు చెప్పకూడదని నా గట్టి అభిప్రాయం. కానీ దీనికి ఫోటో కూడా అక్కర్లేదు, మీరు రాసిన వర్ణనలోనే ఒక మాటకూ ఇంకో మాటకూ పొత్తు కుదరడం లేదు. 1857లో ఇంగ్లండును ఏలుతున్నది విక్టోరియా రాణి. ఆమె 1837 నుంచి 1901 దాకా సింహాసనం మీద ఉంది. ఆ కాలపు కత్తి మీద కిరీటం కింద 'వీ ఆర్' ఉండాలి. 'జీ ఆర్' అంటే జార్జి రాజు. నాలుగో జార్జి 1830లో చనిపోయాక మళ్లీ ఆ పేరుతో రాజు వచ్చింది 1910లోనే. ఇక సంస్థ పేరు. 1857 నాటి అలుగుల మీద కనిపించేది హెన్రీ విల్కిన్సన్ పేరు, లండన్‌లోని పాల్ మాల్ వీధి చిరునామా. 'విల్కిన్సన్ సోర్డ్' అన్న పేరు స్థిరపడింది 1890ల నాటికి. పిడి సంగతి మరీ స్పష్టం. చేతిని కప్పే చిల్లుల ఉక్కు రేకు, సన్నటి నిటారు అలుగు బ్రిటిష్ పదాతి దళ అధికారుల 1897 నమూనా (ఆ ఏడు సైన్యం ఖరారు చేసిన ఆకృతి) లక్షణాలు. 1857లో అదే అధికారి చేతిలో ఉండేది ఇత్తడి కమ్మీల పిడి, కొద్దిగా వంగిన అలుగు. పైగా మీకు చెప్పింది అశ్వికదళ అధికారి అని. గుర్రం మీది అధికారికి పదాతి కత్తి ఎందుకు?

కాబట్టి ఆ కత్తి 1857 నాటిది కాదు. ఇందులో నాకు సందేహం లేదు. అయితే అంతమాత్రాన అది మొన్న చేసినది అని కూడా తేలిపోదు, మీ హైదరాబాదు సేకర్త ఇక్కడ కొంచెం తొందరపడి ఉండవచ్చు. రెండు దారులున్నాయి. మొత్తంగా కొత్తగా చేసి పాతగా కనిపించేలా సిద్ధం చేసిన కత్తి కావచ్చు. లేదా అయిదో జార్జి కాలంలో, అంటే 1910కి 1936కి మధ్య తయారైన అసలైన 1897 నమూనా కత్తి మీద ఎవరో ఈమధ్య '1857' అని చెక్కించి ఉండవచ్చు. తిరుగుబాటు సంవత్సరం కనబడితే ధర పెరుగుతుందని తెలిసినవాళ్లు చేసే పని ఇది. రెండో సంగతే నిజమైతే మీ చేతిలో అసలు కత్తే ఉంది, దాని మీద ఒక కొత్త అబద్ధం ఉంది. విలువ మీరు ఇచ్చినంత ఉండకపోయినా పూర్తిగా సున్నా కాదు.

ఈ రెండింటిలో ఏదో మీరే చాలావరకు తేల్చుకోవచ్చు. గడియారాలు బాగుచేసేవారు కంటికి పెట్టుకునే భూతద్దం ఒకటి, వెర్నియర్ కాలిపర్స్ ఒకటి, వంటింటి డిజిటల్ త్రాసు ఒకటి ఉంటే సరిపోతుంది. ముందు వెన్ను మందం కొలవండి. పిడి దగ్గర ఒకసారి, మధ్యలో ఒకసారి, మొన దగ్గర ఒకసారి. యుద్ధానికి చేసిన అలుగు పిడి దగ్గర మందంగా మొదలై మొన వైపు క్రమంగా పలచబడుతుంది. చేతిలో బరువు తూగేలా చేసేది అదే. అలంకారానికి చేసే కత్తిని ఒకే మందం ఉన్న ఉక్కు పట్టీ నుంచి కోసేస్తారు, మూడు చోట్లా దాదాపు ఒకే అంకె వస్తుంది. నన్ను ఒక్క పరీక్షే చేయమంటే ఇదే చేస్తాను, ఎందుకంటే తుప్పునూ పేరునూ తేలిగ్గా సృష్టించవచ్చు గానీ, అలుగును సరిగ్గా పలచబరచడం శ్రమతో కూడిన పని, అంత శ్రమ పడేవాడు మోసగాళ్లకు చవకగా అమ్మడు.

తర్వాత భూతద్దంతో రాతను చూడండి. అసలు రాత ఆమ్లంతో లోతు లేకుండా తినబెట్టింది. రాత అడుగు భాగం మంచు పట్టినట్టు మసకగా, అంచులు మృదువుగా ఉంటాయి, ఏళ్ల తరబడి తుడవడం వల్ల కొన్ని చోట్ల చెరిగి ఉంటుంది. '1857' మాత్రం మిగిలిన రాతకంటే లోతుగా, అంచులు పదునుగా, గాడిలో తెల్లగా మెరుస్తూ ఉంటే అది తర్వాత చెక్కినది. పిడికి దగ్గరగా వెన్ను మీద అంకెలు ఉన్నాయేమో కూడా వెతకండి. విల్కిన్సన్ 1854 నుంచి అధికారుల కత్తులకు వరుస నంబర్లు వేసింది, ఆ నంబరు ఉంటే తయారైన సంవత్సరం పట్టుకోవచ్చు. నంబరు లేనంత మాత్రాన నకిలీ అనకండి, తక్కువ ధర కత్తులకు వాళ్లు నంబరు వేయలేదు. విల్కిన్సన్ అలుగుల మీద ఉండే ఆరు కోణాల నక్షత్రం కనిపించగానే మురిసిపోకండి, ఆ నక్షత్రాన్ని ఇతర తయారీదారులూ వేశారు. దాని మధ్యలో ఉండే గుండ్రటి ఇత్తడి బిళ్ల అలుగులో విడిగా దిగేసి ఉందా, ఊరికే గీసి ఉందా అన్నది చూడండి.

పిడి చివర చూసేటప్పుడు కూడా ఓపిక కావాలి. మరచుట్టు నట్టు కనబడితే చాలు నకిలీ అని తేల్చేసేవారు ఉన్నారు. 1908 నాటి బ్రిటిష్ అశ్వికదళ కత్తికి అసలులోనే నట్టు ఉంది. మీ నమూనాలో మాత్రం అలుగు తోక (పిడి లోపలికి వెళ్లే సన్నటి భాగం) చివరను సుత్తితో కొట్టి బొడిపె మీద అణచి ఉండాలి. ఆ అణిచిన చోట తాజా సుత్తి దెబ్బలు మెరుస్తుంటే కత్తిని ఎవరో విప్పి బిగించారని అర్థం. పట్టు మీద ఉండేది మచ్చలు మచ్చలుగా గరుకైన చేప తోలు, దాని మీద మెలివేసిన తీగ. తోలుకు కుట్టు గీత ఉంటుంది, కాలం గడిచేకొద్దీ అక్కడ ముడుచుకుంటుంది. ప్లాస్టిక్ అయితే అచ్చు పోసిన సన్నటి గీత పక్కన కనబడుతుంది.

తుప్పు గురించి ఒక మాట, ఎందుకంటే మీ బావి కథ దానితో ముడిపడి ఉంది. ఏళ్ల తరబడి పట్టిన తుప్పు నల్లగా, ముదురు గోధుమ రంగులో, ఇనుమును గట్టిగా పట్టుకుని ఉంటుంది. గుంటలు చిన్నా పెద్దా కలిసి, ఒక చోట దట్టంగా, ఒక చోట అసలు లేకుండా ఉంటాయి. ఉప్పునీళ్లతోనో ఆమ్లంతోనో పట్టించిన తుప్పు నారింజ రంగులో, అంతటా ఒకే తీరుగా ఉంటుంది, గుడ్డతో రుద్దితే ఊడి వస్తుంది. మీ కత్తి తెల్లగా మెరుస్తోందని మీరే రాశారు. బావిలో మునిగిన ఉక్కు అలా తేలదు. గడిలో పూజలో ఉండేదనడానికి పసుపు కుంకుమ మరకలు చూపించారని కూడా రాశారు. మన ఇళ్లలో దసరాకు ఇనుప పరికరాలన్నిటికీ బొట్లు పెడతాం. నిన్న పెట్టిన బొట్టు కూడా రేపు పాతదే. అది సాక్ష్యం కాదు. గడి నుంచి వచ్చిందన్న మాటకు సాక్ష్యం పాత ఫోటోనో, పంపకాల కాగితమో, ఆ ఇంటివారి సంతకంతో ఉన్న రాతో కావాలి. సంస్థానపు కాలం, రజాకార్ల కాలం, సాయుధ పోరాటం ఇంకా ఇంటింటి జ్ఞాపకంగా ఉన్న ప్రాంతం మనది. ఆ జ్ఞాపకాల మీద మనకున్న గౌరవాన్నే సరుకు చేసుకుని అమ్మేవాళ్లను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

హైదరాబాదు సంస్థానానికి అశ్వికదళాలు లేవనడం లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాదు లాన్సర్లు మైసూరు, జోధ్‌పూర్ దళాలతో కలిసి పాలస్తీనా వైపు పనిచేశారు. ఢిల్లీలోని తీన్ మూర్తి స్మారకం ఆ మూడు సంస్థానాల సైనికుల కోసం కట్టిందే. అంటే అలాంటి దళాల కత్తులు మన ప్రాంతంలో దొరకడం సాధ్యమే. సాధ్యం కావడం వేరు, మీ చేతిలోది అదే కావడం వేరు.

ఇక తల్వార్. దీని విషయంలో మీరు తొందరపడి పారేయకూడదు. అది కాకతీయుల కాలానిది కాదు, అంతవరకు నిశ్చయం. కాకతీయ రాజ్యం 1323లో ముగిసింది. పళ్లెం లాంటి బిళ్లతో ముగిసే ఆ పిడి ఆకారం రూపుదిద్దుకున్నది మొఘలుల కాలంలో. రామప్ప గుడిలోనూ, మన పల్లెల్లోని వీరగల్లుల మీదా చెక్కిన వీరుల చేతుల్లో కత్తులు ఎలా ఉన్నాయో ఒకసారి వెళ్లి తీరిగ్గా చూడండి. మీ తల్వార్ వాటికి చుట్టం కాదని మీకే తెలుస్తుంది. 1150 అన్న అంకెలు హిజ్రీ సంవత్సరమైతే అది 1737-38, మొదటి అసఫ్ జా దక్కనును ఏలుతున్న రోజులు. అమ్మినాయన ఆ అంకెలు చదివి ఉంటే కాకతీయుల పేరు ఎత్తేవారే కాదు. ఆ రాతను ఉర్దూ, పారసీ తెలిసిన ఒక పెద్దమనిషికి చూపించండి. వరంగల్‌లో అలాంటివారిని వెతుక్కోనక్కర్లేదు. అక్షరాలు అర్థం లేని గీతలైతే అది చదువురాని చేతి పని. పేరుమోసిన పారశీక కత్తుల తయారీదారు 'అసదుల్లా ఇస్ఫహానీ' పేరు ఉంటే గర్వపడకండి, భయపడకండి. ఆ పేరుకు అంత గిరాకీ ఉండేది కాబట్టి శతాబ్దాల తరబడి ఎందరో తమ అలుగుల మీద దాన్ని వేసుకున్నారు.

కోనసముద్రం పేరు వినగానే మన మనసు కరుగుతుంది. కరగాల్సిందే. నిజామాబాద్ జిల్లాలోని ఆ ఊరి ఉక్కును కొనడానికి పారశీక వర్తకులు వచ్చేవారు. అక్కడి తయారీని వోయ్సీ అనే ఆంగ్లేయుడు కళ్లారా చూసి రాసిన వర్ణన 1832లో అచ్చయింది. మూసలో కరిగించిన ఆ ఉక్కులో కర్బనం ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది, దాన్ని ఓపికగా సాగదీస్తే ఉక్కు లోపలి నుంచే సన్నటి నీటి అలల్లాంటి చారలు తేలుతాయి. ఇప్పుడు సంతలో 'డమాస్కస్' పేరుతో దొరికేది వేరు. రెండు రకాల ఉక్కు పలకలను ఒకదాని మీద ఒకటి పేర్చి, కాల్చి, కొట్టి, మడిచి చేస్తారు. దాని చారలు లావుగా, కొట్టొచ్చినట్టు, నిచ్చెన మెట్లలాగానో చినుకుల్లాగానో ఒకే లెక్కలో తిరిగి తిరిగి వస్తాయి. మూడో రకం ఇంకా చవక. మామూలు ఉక్కు మీద ఆమ్లంతో చారలు గీస్తారు, కొంచెం సానబెడితే మాయమవుతాయి. మీ అలుగు ఈ మూడింటిలో ఏదో భూతద్దం కింద అసలు దానితో పోల్చి చూస్తే తేలుతుంది. పోల్చడానికి సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. అక్కడి ఆయుధాల గదిలో ఒక పూట నిలబడండి. కత్తికి ధర కట్టమని మ్యూజియం వారిని అడగడానికి కాదు, మీ కంటికి అసలు ఎలా ఉంటుందో అలవాటు చేయడానికి. మీరే సానబెట్టి చూడకండి. నిజంగా మంచి అలుగైతే పాడైపోతుంది.

పిడి మీది బంగారు పనిలో చూడవలసింది దాని కింది ఇనుము. తీగను అతికించడానికి ముందు ఇనుము మీద అడ్డదిడ్డంగా సన్నటి గీతలు గీస్తారు. బంగారం అరిగిన చోట ఆ గీతలు బయటపడతాయి. రంగు పూసినా, కరెంటుతో పూత వేసినా అవి ఉండవు. ఈ పని ఉదయపూర్‌లో ఇప్పటికీ జరుగుతుంది, పాత పిడి మీద కొత్త బంగారం వేయించడమూ మామూలే. తల్వార్ తోక పొట్టిది, పిడి బోలు లోపల లక్కతో అతికిస్తారు. అతుకు దగ్గర ముదురు లక్క కనబడితే మంచిది, గాజులా మెరిసే రసాయన జిగురు కనబడితే ఈమధ్య అతికించారని అర్థం. అయితే పాత పిడికి వేరే అలుగు ఉండటం నేరం కాదు. సంస్థానాల ఆయుధశాలల్లోనే విరిగిన అలుగు తీసి మరొకటి వేసేవారు. దాచిపెట్టి అమ్మితేనే మోసం.

రెండు కత్తుల గురించీ ఒక హెచ్చరిక. చింతపండు, నిమ్మకాయ, బూడిద, ఎమెరీ కాగితం వాటి దగ్గరికి రానీయకండి. ఇత్తడి పూజాసామాను తోమినట్టు కత్తిని తోమితే పాతదనం పోతుంది, దానితో పాటు మీ సాక్ష్యమూ పోతుంది. అమ్మినాయనకు తిప్పి ఇవ్వాల్సి వస్తే "నా దగ్గర ఉన్నప్పుడు ఇలా లేదు" అనే అవకాశం మీరే ఇచ్చినవారవుతారు.

ఇప్పుడు డాక్టరుగారి కత్తి. మీరు ఎక్కువగా సిగ్గుపడుతున్నది దీని గురించే, నాకు ఎక్కువ ఆశ కలిగించింది కూడా ఇదే. ఒకే కమ్మీ ఉన్న ఇనుప పిడి, వంపు అలుగు, వెన్ను మీద అరిగిన అక్షరాలు, కిరీటం కింద అంకె, ఇవన్నీ బ్రిటిష్ తేలికపాటి అశ్వికదళపు 1796 నమూనా గుర్తులకు దగ్గరగా ఉన్నాయి. ఆ నమూనాలో వెన్ను మీద తయారీదారు పేరు ఉంటుంది, ఆస్బర్న్, గిల్, వూలీ లాంటివి. కిరీటం కింద అంకె తనిఖీదారు ముద్ర. అలుగుకు ఒకే వెడల్పాటి గాడి ఉండి, మొన దగ్గర సన్నబడకుండా కొంచెం వెడల్పవుతుంది. పొడవు 33 అంగుళాల చుట్టుపక్కల, వెన్ను పిడి దగ్గర 8 నుంచి 10 మిల్లీమీటర్లు, మొన దగ్గరికి వచ్చేసరికి 2 మిల్లీమీటర్ల వరకు. బ్రిటిష్ సైన్యం 1821లో కొత్త నమూనాకు మారినా మన దేశంలోని దళాల్లో ఈ కత్తి చాలాకాలం నడిచింది, కాబట్టి దక్కనులో దొరకడంలో వింత లేదు. దీనికీ నకళ్లు ఉన్నాయి, అందుకే కొలిచే దాకా హామీ ఇవ్వలేను. కానీ మంచి కత్తిని నకిలీ అని ఒప్పేసుకుని డబ్బు తిరిగి ఇచ్చేసి, చివరికి ఇద్దరూ నష్టపోయే పరిస్థితి తెచ్చుకోకండి.

ఆయనకు చెప్పడం ఎప్పుడు? పరీక్ష పూర్తయ్యాక చెప్పవచ్చు, ఇప్పుడే చెప్పవచ్చు. ఆగితే స్పష్టమైన మాట చెప్పగలుగుతారు, కానీ ఈలోగా ఆయన దాన్ని ఇంకొకరికి ఇచ్చినా, వేరే నోటి నుంచి సంగతి విన్నా మీ మౌనం మోసంగా మారిపోతుంది. ఇప్పుడే చెబితే ఆయన కొంత కలవరపడతారు, బహుశా డబ్బు అడుగుతారు. నేను రెండోదే ఎంచుకుంటాను. "అదే మనిషి నాకు అమ్మిన మరో కత్తి మీద అనుమానం వచ్చింది. మీదీ ఒకసారి కొలిచి చూద్దాం, తేడా ఉంటే మీ అరవై వేలు నా బాధ్యత" అంటే చాలు. అంతకు మించి నిందా, సంజాయిషీ అక్కర్లేదు. మీరు పూచీ పడ్డారు కాబట్టి అమ్మినాయన మీకు డబ్బు తిరిగి ఇస్తారా లేదా అన్నదానితో డాక్టరుగారికి సంబంధం లేదు. నకిలీ అని తేలితే వాయిదాల మీదైనా తీర్చాల్సింది మీరే.

అన్న సంగతి. ఆయన తెలిసి మోసం చేశారో, తానూ మోసపోయారో మీకు ఇప్పుడు తెలియదు. డెహ్రాడూన్, జోధ్‌పూర్, ఉదయపూర్ లాంటి చోట్ల సినిమాలకూ కవాతులకూ గోడకు తగిలించుకునేవారికీ కత్తులు బాహాటంగా తయారవుతాయి. అది నిజాయితీ గల వృత్తి. అక్కడి నుంచి కరీంనగర్ చేరేలోపు ఏ చేతిలోనో తయారీ ముద్ర అరగదీసి, 1857 చెక్కి, గడి కథ జోడిస్తారు. అది ఎవరి చేయి అన్నది ఆయన జవాబును బట్టే మీరు అంచనా వేయాలి. "నకిలీ అమ్మావు" అని మొదలుపెడితే పంతం వస్తుంది. అక్షరాలు, సంస్థ పేరు, పిడి నమూనా, ఈ మూడు వైరుధ్యాలూ ఒక కాగితం మీద రాసి ముందు పెట్టి, కత్తి ఎక్కడి నుంచి వచ్చిందో రాసివ్వమనండి, డబ్బు తిరిగి ఇవ్వమని అడగండి. తానూ మోసపోయినవాడు ఆ కాగితం చదువుతాడు. తెలిసి చేసినవాడు మళ్లీ కథే చెబుతాడు. మీ చిన్ననాటి స్నేహితుణ్ణి ఈ దశలో మధ్యకు లాగకండి. అన్నకూ మీకూ మధ్య ఒకరిని ఎంచుకోమని అతన్ని బలవంతపెట్టినట్టవుతుంది.

ఆయన ససేమిరా అంటే చట్టం ఉంది. వర్ణన చూపి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలని 1930 నాటి సరుకుల అమ్మకం చట్టమే చెబుతుంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో అయిదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంది. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. "1857 నాటి అసలు విల్కిన్సన్" అని ఆయన పంపిన వాట్సాప్ సందేశం, డబ్బు పంపిన రుజువు జాగ్రత్త చేయండి. నూరేళ్లు దాటిన వస్తువుల వ్యాపారానికి 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం లైసెన్సు కావాలి, ఆయనకు ఉందో లేదో అడగడం కూడా తప్పు కాదు. పోలీసు ఫిర్యాదు మరో దారి, భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్ మోసం గురించినదే. కానీ అక్కడ ఆయన ఉద్దేశాన్ని రుజువు చేయాలి, కత్తి సాక్ష్యంగా స్టేషనుకు వెళ్లి ఏళ్లు గడవవచ్చు. పైగా కత్తులు ఆయుధాల నియమాల్లో పదునైన ఆయుధాల వర్గంలో ఉన్నాయి, లైసెన్సు అవసరమయ్యే ప్రాంతాలను ప్రభుత్వం ప్రకటిస్తుంది. మీ ఇంట్లో ఉన్నవాటి విషయం ఒక వకీలుతో సరిచూసుకున్నాకే స్టేషను మెట్లెక్కండి. కోర్టుకు వెళితే డబ్బు వచ్చే అవకాశం ఉంది, ఆ ఇంటి గుమ్మం మాత్రం మళ్లీ తొక్కలేరు. అది మీకు ఎంత విలువైనదో మీరే తూచుకోవాలి. ఏదీ వద్దనుకుని కత్తిని ఉంచుకుని నష్టం భరించడమూ ఒక దారే, నగల అప్పు లేకుంటే దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడేవాణ్ణి కాదు.

రెండు లక్షల బేరం గురించి మాత్రం దారులు చూపించలేను. మీకు అనుమానం వచ్చింది, పైన చదివాక అనుమానం కాదు, తెలిసింది. తెలిసి మౌనంగా అమ్మితే అన్న గురించి మీరు భయపడుతున్నది మీరే అవుతారు, అదే 318వ సెక్షన్ మీకూ వర్తిస్తుంది. "1897 నమూనా, 1857 తేదీ తప్పు, మిగతాది పరీక్షలో ఉంది" అని రాతపూర్వకంగా చెప్పి, అయినా కొంటామంటే ఆ ధరకు అమ్మండి. రెండు లక్షలు రావు. వచ్చినంత మీదే.

ఇంట్లో చెప్పడం వీటన్నిటికంటే ముందు జరగాలి. నగల మీద వడ్డీ పెరుగుతోంది, డాక్టరుగారికి డబ్బు కట్టాల్సి రావచ్చు, అన్న ఇంటితో సంబంధం తెగవచ్చు. ఈ మూడూ ఆమె జీవితంలోకి వచ్చేవే. అమ్మినవాడు మోసం చేశాడని మొదలుపెట్టకండి. ఫీజు అని చెప్పి నగలు తీసుకున్న సంగతి, ఇరవై వేలు అని చెప్పిన సంగతి ముందు చెప్పండి, కత్తి సంగతి తర్వాత. కోపం వస్తుంది, రావాలి కూడా. ఆ తర్వాత అన్న దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లగలిగితే ఇంకా మంచిది. రాకపోకలు రెండు కుటుంబాల మధ్య ఉన్నప్పుడు మీరొక్కరే వెళ్లి అడగడంకంటే ఆమె పక్కన కూర్చుని అడిగితే జవాబు దాటవేయడం కష్టం.

కొలతలు తీశాక నాకు రాయండి. మూడు కత్తులకూ వెన్ను మందం మూడు చోట్ల, అలుగు పొడవు, ఒర లేకుండా బరువు. ఫోటోలు ఫ్లాష్ లేకుండా, పగటి వెలుతురులో, పిడి చివర, అతుకు, వెన్ను, రాత విడివిడిగా కనబడేలా తీయండి. తల్వార్ రాతను చదివించిన పెద్దమనిషి చెప్పిన అర్థం కూడా పంపండి, దాని గురించి నాకు మిగిలిన రెండింటికంటే ఎక్కువ ఆసక్తిగా ఉంది.